మైకు ముందు వకీలు: క్రిమినల్ కేసుల్లో మీడియాతో ఎలా మెలగాలి

విశాఖపట్నంలో నలుగురి నోళ్లలో నానే కేసులో అరెస్టు జరిగిన రోజు సాయంత్రం ఎలా ఉంటుందో ఇక్కడ క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసే వారందరికీ తెలుసు. పోలీసులు విలేకరుల సమావేశం పెట్టి, నిందితులను ముఖాలకు ముసుగులు వేసి వెనుక వరుసలో నిలబెడతారు. తర్వాత వైద్య పరీక్షలకు కేజీహెచ్‌కు తీసుకువెళ్లి, అక్కడి నుంచి మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు. మనం వకాల్తా మీద సంతకం పెట్టించుకుని, రిమాండ్ రిపోర్టును నిలబడే చదువుకుని, చెప్పుకోవలసింది చెప్పుకుని బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర నాలుగైదు మైకులు సిద్ధంగా ఉంటాయి. "సార్, ఒక్క బైట్" అంటారు. ఆ ఒక్క నిమిషంలో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, అసలు నోరు విప్పాలో వద్దో లా కాలేజీలో ఎవరూ నేర్పరు. కొత్తగా నల్లకోటు వేసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వారిని నమ్ముకుని కోర్టు వరండాల్లో కూర్చునే కుటుంబాలకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఆ కక్షిదారు కేసు ముగిసి చాలా కాలమైంది. ఆయన అనుమతి తీసుకున్న తర్వాతే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. సీనియర్ దగ్గర చేరిన రెండో ఏడు, నర్సీపట్నం వైపు నుంచి వస్తున్న వ్యానులో గంజాయి పట్టుబడిన కేసు మా ఆఫీసుకు వచ్చింది. డ్రైవరు పక్క సీట్లో ఉన్నాడంటూ ఏజెన్సీకి చెందిన ఒక కుర్రవాడిని పోలీసులు రెండో నిందితుడిగా (ఏ2) చూపించారు. రిమాండ్ రోజు సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు. నేను ఒక్కడినే బయటికి వచ్చాను. మైకు చూడగానే గొంతులో ఎక్కడ లేని బలం వచ్చి, "మా వాడు దారిలో లిఫ్టు అడిగి ఎక్కిన కుర్రాడండీ, లోపల సరుకు ఉందని కూడా తెలియదు" అన్నాను. మంచి మాట చెప్పాననే అనుకున్నాను. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో అది "లిఫ్టు అడిగి ఎక్కాడు: నిందితుడి న్యాయవాది" అని వచ్చింది. సీనియర్ ఆ పేపరు మడిచి నా ముందు పెట్టి, "వాడు ఆ బండి ఎక్కనే లేదన్నది మన కేసు. టీ కొట్టు దగ్గర నిలబడినవాడిని తీసుకొచ్చారని వాడు నాకు చెప్పాడు. నువ్వు వాడిని బండి ఎక్కించావు" అన్నారు.

పేపరులో వచ్చిన వార్త దానంతట అది సాక్ష్యం కాదు కదా అని అప్పుడు నన్ను నేను సమాధానపరుచుకున్నాను. నిజమే, కాదు. కానీ చార్జిషీటు ఇంకా పడలేదు, దర్యాప్తు నడుస్తూనే ఉంది. మా వాదన ఎటు పోగలదో, తమ కథలో ఖాళీ ఎక్కడుందో దర్యాప్తు అధికారికి నా నోటితోనే తెలిసింది. చార్జిషీటు వచ్చేసరికి, ఆ కుర్రవాడు వ్యాను ఎక్కుతుండగా చూశామని చెప్పే ఇద్దరు కొత్త సాక్షులు అందులో ఉన్నారు. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షను కింద బెయిలు దొరకడం ఎంత కష్టమో తెలిసిందే. ఆ ఇద్దరిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుర్కొనే దాకా ఆ అబ్బాయి అడవివరం సెంట్రల్ జైలులోనే ఉన్నాడు. చివరికి కేసు కొట్టేశారు. నా మాట వల్ల పోయిన నెలలు మాత్రం అతనికి ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్నది ఒక్కటే: మైకు ముందు మన నోట వచ్చే ప్రతి మాటా కక్షిదారు సొత్తు. అతని అనుమతి లేకుండా దాన్ని ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా దాని నుంచి వచ్చిందే.

నియమం ఏం చెబుతోంది

ప్రెస్‌తో ఎలా మాట్లాడాలన్న విషయంలో అమెరికా బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 3.6 అనే ప్రత్యేక నియమం ఉంది. ఏం చెప్పవచ్చో, ఏం చెబితే విచారణకు హాని కలుగుతుందో దానిలో వివరంగా రాశారు. మనకు అంత వివరమైన నియమం లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి 6వ భాగం 2వ అధ్యాయంలోని 36వ నియమమే మనకు దగ్గరి ఆధారం. ఆ నియమం ప్రధానంగా ప్రకటనల ద్వారా కేసులు సంపాదించుకోవడాన్ని నిషేధించేది. అయితే తాను నడుపుతున్న కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడం, వాటికి సంబంధించి తన ఫొటోలు వేయించుకోవడం కూడా కూడదని అందులోనే స్పష్టంగా ఉంది. కాబట్టి బెయిలు వచ్చిన రోజు జైలు గేటు ముందు కక్షిదారు మెడలో దండ వేసి, పక్కన నిలబడి ఫొటో దిగి, దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకోవడం చిన్న సరదా కాదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ ముందు సంజాయిషీ చెప్పుకోవలసి రాగల పని అది. ఈ మాట చెబితే నొచ్చుకునే మిత్రులు ఉన్నారని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

రెండో ఆధారం రహస్య రక్షణ. పాత సాక్ష్య చట్టం 126వ సెక్షనును ఉల్లంఘించరాదని అదే బార్ కౌన్సిల్ నియమావళిలోని 17వ నియమం అంటుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే విషయం 132వ సెక్షనులో ఉంది. కక్షిదారు మనకు చెప్పినదీ, మనం అతనికి ఇచ్చిన సలహా కూడా ఈ రక్షణ కిందికే వస్తాయి. వకాల్తా రద్దయినా, కేసు ముగిసినా ఆ బాధ్యత తీరిపోదు. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటలకు, మనం కేసు చేపట్టిన తర్వాత మన కంటపడిన నేరానికీ మోసానికీ మాత్రమే మినహాయింపు ఉంది. "ఇప్పుడు ఆ కేసు నా దగ్గర లేదు కాబట్టి చెబుతున్నా" అని టీవీ చర్చలో మొదలుపెట్టే పెద్దలు ఈ సెక్షనును ఇంకోసారి చదవాలి.

మూడోది కోర్టు ధిక్కార చట్టం, 1971. క్రిమినల్ కేసు విషయంలో చార్జిషీటు దాఖలైనప్పటి నుంచి, లేదా కోర్టు సమన్లో వారెంటో జారీ చేసినప్పటి నుంచి కేసు పెండింగులో ఉన్నట్టు ఆ చట్టం 3వ సెక్షను వివరణ చెబుతుంది. అంతకు ముందు ఏం మాట్లాడినా ఫర్వాలేదని కొందరు దీని నుంచి అర్థం తీస్తారు. అది ప్రమాదకరమైన ధీమా. 2021 జనవరి 18న ఒక సినీ నటుడి మరణానికి సంబంధించిన ప్రసారాల మీద తీర్పు ఇస్తూ, దర్యాప్తు దశలో సాగే మీడియా విచారణ సైతం న్యాయపాలనకు అడ్డు తగులుతుందని బొంబాయి హైకోర్టు స్పష్టం చేసింది. అదే ధిక్కార చట్టంలోని 4వ సెక్షను కోర్టులో జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసే విలేకరికి రక్షణ ఇస్తుంది. మనం మాట్లాడేటప్పుడు ఆ గీతకు ఇవతలే నిలబడితే మనకూ, రాసే విలేకరికీ క్షేమం.

అనుమతి ఎవరిది, ఎలా తీసుకోవాలి

ఫీజు ఇచ్చిన తండ్రి కక్షిదారు కాడు. ఊరి నుంచి కారులో వచ్చిన పార్టీ నాయకుడు అసలే కాడు. వకాల్తా మీద ఎవరి సంతకం ఉందో అనుమతి వారే ఇవ్వాలి. నేను వకాల్తాతో పాటే ఒక చిన్న తెలుగు కాగితం మీద కూడా సంతకం తీసుకుంటాను. అందులో ఇంతే ఉంటుంది: "నా కేసు తేదీలు, దాఖలైన దరఖాస్తులు, కోర్టు ఇచ్చిన ఉత్తర్వులు మాత్రమే నా న్యాయవాది పత్రికలకు చెప్పవచ్చును. ఇంతకు మించి చెప్పవలసి వస్తే నన్ను మళ్లీ అడగాలి. ఈ అనుమతిని నేను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చును." చదువు రాని వారికి దీన్ని చదివి వినిపించాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన వారికి తెలుగు సరిగా అందకపోతే వారి మాట తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. న్యాయ సేవాధికార సంస్థ తరఫున కేసు చూస్తున్నా ఇదే పద్ధతి. ఉచితంగా వాదిస్తున్నామని కక్షిదారు రహస్యం చవకైపోదు. ఒకే కేసులో ఇద్దరు ముగ్గురు నిందితులకు మనమే హాజరవుతుంటే ఎవరికి వారి దగ్గర విడిగా అడగాలి. ఏ1కి మేలు చేసే మాట ఏ3 మెడకు చుట్టుకోవచ్చు.

మెట్ల మీద ఆ ఒక్క నిమిషం

రిమాండ్ రోజున చెప్పదగినది నిజానికి రెండు మూడు వాక్యాలకు మించదు. "మా కక్షిదారును ఈ రోజు గౌరవ మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. 14 రోజుల రిమాండ్ విధించారు. బెయిలు దరఖాస్తు వేస్తున్నాం. ఆయన తన మీద వచ్చిన ఆరోపణలను అంగీకరించడం లేదు." చివరి వాక్యం కూడా కక్షిదారును అడిగిన తర్వాతే చెప్పాలి. "మరి ఆ రాత్రి ఆయన ఎక్కడున్నాడు సార్?" అనే ప్రశ్న వెంటనే వస్తుంది. జవాబు తెలిసినా చెప్పకూడదు. "అది కోర్టులో చెబుతాం" అనేది తప్పించుకోవడమని జనం అనుకుంటారేమోనన్న బెరుకు జూనియర్లలో చూస్తుంటాను. అనుకోనివ్వండి. మన వాదన తేల్చవలసింది మెట్ల మీద గుమిగూడిన వాళ్లు కాదు.

విలేకరి కోపంగా ఉన్నా మనం కోప్పడకూడదు. అతనికి ఎడిషన్ టైము దగ్గరపడుతుంటుంది. చెప్పగలిగింది చప్పున, తడబాటు లేకుండా, సెక్షన్ల నంబర్లతో సహా చెబితే చాలామంది గౌరవిస్తారు. పాత శిక్షాస్మృతి సెక్షన్లు, కొత్త న్యాయ సంహిత సెక్షన్లు ఇప్పుడు కలిసి వాడుకలో ఉన్నాయి. నంబరు తప్పుగా అచ్చయితే ఎంత గందరగోళమో చూస్తూనే ఉన్నాం. నేను నంబర్లు కాగితం మీద రాసి ఇస్తాను. "ఆఫ్ ది రికార్డ్ చెప్పండి సార్" అనే మాటకు మాత్రం ఎప్పుడూ లొంగకూడదు. రేపు స్క్రోలింగులో "విశ్వసనీయ సమాచారం" అని వచ్చేది అదే.

మాటల ఎంపికలో కూడా జాగ్రత్త కావాలి. కేసు విచారణలో ఉన్నంత కాలం మనిషి నిందితుడే, ముద్దాయే. కోర్టు నేరం రుజువైందని చెప్పిన తర్వాతే దోషి. ఎదుటి పక్షం సాక్షిని "కొనేశారు" అనడం, ఫిర్యాదిదారు నడవడిక గురించి మాట్లాడడం, దర్యాప్తు అధికారికి కులాన్నో పార్టీనో అంటగట్టడం ఎంత ఒత్తిడిలోనూ చేయకూడని పనులు. కేసుకు మనమే ఒక పేరు పెట్టడం కూడా కూడదు. 2018 అక్టోబర్ 25న విశాఖ విమానాశ్రయంలో జరిగిన దాడి కేసు ఆయుధం పేరుతోనే రాష్ట్రమంతా ప్రచారమైంది. ఆ పేరు అటు ఫిర్యాదు పక్షానికీ ఇటు నిందితుడి పక్షానికీ వెటకారానికి పనికొచ్చిందే తప్ప కేసు అర్థం కావడానికి పనికిరాలేదు. మన వరకు క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషను పేరు చాలు.

ఏ కాగితం ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు

తెలుగు పత్రికల్లో "రిమాండ్ రిపోర్టులో సంచలన విషయాలు" అన్న శీర్షిక చూడని వారం ఉండదు. ఆ రిపోర్టు దర్యాప్తు అధికారి రాసిన కథనం. నిందితుడిని కస్టడీలో ఎందుకు ఉంచాలో మేజిస్ట్రేటుకు చెప్పేందుకే దాన్ని రాస్తారు. అందులో చాలా భాగం "నిందితుడు నేరం ఒప్పుకున్నాడు" అన్న దాని చుట్టూ తిరుగుతుంది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువు చేయడానికి వీల్లేదని సాక్ష్య అధినియం 23వ సెక్షను చెబుతోంది. పోలీసుల కస్టడీలో ఉన్నవాడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మేరకే ఆ మాట పనికొస్తుంది. అంటే న్యాయమూర్తి తన తీర్పులో వాడుకోలేని వాక్యం ఊరంతటికీ మొదటి పేజీలో చేరుతోంది. ఆ కాపీ బయటికి ఎలా పోయిందని ఎవరినైనా అడిగితే వేళ్లు చాలా వైపులకు చూపిస్తారు. ఆ వేళ్లలో ఒకటి మన వైపు చూపించే పరిస్థితి రాకూడదు. మన కక్షిదారుకు పనికొచ్చే పేరా ఉందని రిపోర్టు మొత్తాన్ని గ్రూపులో పెడితే, అదే కాగితంలోని మిగతా పేరాలు తోటి నిందితుడి ఇంటిని తగలబెడతాయి. బాధితురాలి పేరు కూడా అందులోనే ఉండవచ్చు.

ఎఫ్‌ఐఆర్ సంగతి వేరు. సున్నితమైన కేసులు తప్ప మిగతా వాటిలో ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా బహిరంగంగా ఉన్నదాని గురించి మాట్లాడవచ్చు. చార్జిషీటు విషయంలో అదే కోర్టు 2023 జనవరి 20న, అది ప్రజాపత్రం కాదని, అందరికీ అందుబాటులో ఉంచాలని కోరడానికి వీల్లేదని తేల్చింది. చార్జిషీటు కాపీ మనకు అందేది వాదించుకోవడానికి. కేస్ డైరీ, మేజిస్ట్రేటు ముందు సాక్షి ఇచ్చిన వాంగ్మూలం, మెడికల్ రిపోర్టు ఏ పరిస్థితిలోనూ మన చేతుల మీదుగా బయటికి పోకూడదు. ఇటువైపు లాయరు అటువైపు లాయరుకు రాసిన ఉత్తరం కూడా అంతే. 2012 సెప్టెంబర్ 11న సహారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, విచారణకు నిజమైన ముప్పు ఉన్నప్పుడు వార్తా ప్రచురణను కొంతకాలం వాయిదా వేయించే అధికారం పైకోర్టులకు ఉందని చెప్పింది. ఆ తీర్పుకు దారి తీసినది న్యాయవాదుల మధ్య నడిచిన ఒక రహస్య ప్రతిపాదన టీవీ చానల్లో రావడమే.

ముఖం, పేరు, వీధి

మనిషిని సాక్షులు గుర్తుపట్టవలసిన కేసుల్లో గుర్తింపు పరేడ్ జరిగేలోపు ఫొటో బయటికి వస్తే ఆ పరేడ్‌కు విలువ ఉండదు. దేశమంతా చూసిన ఢిల్లీ మోడల్ హత్య కేసు తీర్పులో, 2010 ఏప్రిల్ 19న, సుప్రీంకోర్టు ఈ ప్రమాదాన్నే ప్రస్తావించింది. కాబట్టి నిందితుడిని ముఖానికి గుడ్డ లేకుండా తీసుకువస్తుంటే వెంటనే మేజిస్ట్రేటుకు మెమో వేయాలి. ఫొటో అప్పటికే అచ్చయితే ఆ పేజీ కోసి, తేదీ కనిపించేలా, మెమోకు జతచేయాలి. రెండేళ్ల తర్వాత "నేను ఇతన్ని ఆ రోజే చూశాను" అని సాక్షి బోనులో చెప్పినప్పుడు ఆ పేజీ మనకు ఎంత పనికొస్తుందో అనుభవం ఉన్న వారికి తెలుసు. పోలీసులు పత్రికలకు ఏం చెప్పాలన్న దానిపై సమగ్ర మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబర్ 13న సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించింది. వారి హద్దుల గురించి వాదించే ముందు మన హద్దులను మనం పాటించాలి.

ఇక బాధితుల గుర్తింపు. ఇక్కడ నాకు రాజీ అనేది లేదు. లైంగిక నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు. 2018 డిసెంబర్ 11న నిపుణ్ సక్సేనా తీర్పులో సుప్రీంకోర్టు, పేరు రాయకపోయినా గుర్తుపట్టడానికి దారితీసే ఏ చిన్న వివరమూ ఇవ్వరాదని, బాధితురాలు మరణించినా ఈ నిషేధం పోదని చెప్పింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షను పేరు, చిరునామా, ఫొటోతో ఆగదు. కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు కూడా రాయకూడదంటుంది. ఉల్లంఘిస్తే కనీసం ఆరు నెలలు. చట్టంతో ఘర్షణలో ఉన్న బాలుడి తరఫున వాదిస్తున్నప్పుడు బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కూడా అంతే గట్టిగా వర్తిస్తుంది.

ఇది ఎలా జారిపోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఎక్కడా పేరు లేదు. "గాజువాకలోని ఫలానా వీధిలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా పనిచేస్తున్న వ్యక్తి రెండో కుమార్తె, ఎనిమిదో తరగతి" అని రాశారు. ఆ వీధిలో అయిదంతస్తుల భవనం ఒకటే ఉంటే, అందులో వాచ్‌మన్ ఒక్కడే అయితే, ఇంకా పేరుతో పనేముంది? ఈ వివరాలు విలేకరికి ఎక్కువగా అందించేది మనలాంటి వాళ్లమే: బాధితుల తరఫు న్యాయవాది న్యాయం కోసమన్న ఆవేశంతో, నిందితుడి తరఫు న్యాయవాది తన వాదన బలంగా వినిపించాలన్న తొందరతో. "తల్లిదండ్రులు ఒప్పుకున్నారు" అన్నది సమాధానం కాదు. పిల్లల విషయంలో ఆ అనుమతి ఇవ్వవలసింది ప్రత్యేక కోర్టు, అదీ బిడ్డ మేలు కోసమే అయితే. ఇలాంటి కేసుల విచారణ మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 366వ సెక్షను ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అక్కడ జరిగినదాన్ని ప్రచురించడానికి వీల్లేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చి "ఈ రోజు క్రాస్‌లో ఆ అమ్మాయి తడబడింది" అని చెప్పే న్యాయవాది చట్టాన్నే కాదు, తన కోటును కూడా అవమానిస్తున్నాడు.

2007 చివరలో విజయవాడ సమీపంలో హాస్టల్లో హత్యకు గురైన విద్యార్థిని కేసు తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆమె పేరు నేను కావాలనే రాయడం లేదు. ఆ కేసులో శిక్ష పడిన యువకుడిని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా ప్రకటించే నాటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపాడు. అరెస్టు వార్తకు దక్కినంత చోటు నిర్దోషి అన్న వార్తకు దక్కే రోజు నేను ఎదురుచూస్తున్న రోజుల్లో ఒకటి.

కుటుంబాన్ని సిద్ధం చేయడం

న్యాయవాది ఎంత జాగ్రత్తగా ఉన్నా, వరండాలో కూర్చున్న తల్లి దగ్గరికి కెమెరా వెళుతుంది. "మా గుంటడు అలాటోడు కాదు బాబూ, ఆ సెల్‌ఫోను కూడా నిన్ననే ఎవరో ఇచ్చారు" అంటుంది ఆమె కన్నీళ్ల మధ్య. ఆ సెల్‌ఫోనే రేపు కేసులో ముఖ్యమైన వస్తువు కావచ్చు. లేదా "ఒక ఫొటో ఇవ్వమ్మా" అంటే చెల్లెలి పెళ్లి ఫొటో ఇస్తుంది, పెళ్లికూతురి ముఖంతో సహా. కాబట్టి కేసు తీసుకున్న తొలి గంటలోనే ఇంట్లో ఒక మనిషిని ఎంచుకుని, అతనికి ఒకే వాక్యం నేర్పాలి: "మా లాయరు గారితో మాట్లాడండి, మేము ఏమీ చెప్పలేం." ఫోన్లలోని ఫొటోలు ఎవరికీ పంపవద్దని, ఫేస్‌బుక్ ఖాతాల్లో కుటుంబ చిత్రాలు అందరికీ కనిపించకుండా పెట్టుకోమని చెప్పాలి. ఉన్న పోస్టులు, మెసేజీలు తీసేయమని మాత్రం ఎన్నడూ చెప్పకూడదు. అది సాక్ష్యాన్ని చెరిపేయడం అవుతుంది, మన మెడకే వస్తుంది.

తప్పు వార్త వచ్చినప్పుడు

ఎల్లప్పుడూ మౌనమే సరైనదని నేను అనను. కక్షిదారు ఇవ్వని ఒప్పుకోలు అతని పేరున అచ్చయినప్పుడో, వేరొకరి ఫొటోకు అతని పేరు తగిలించినప్పుడో ఊరుకోవడం అతనికి ద్రోహం. అయితే ఆ తప్పు వల్ల కలిగిన హాని తీరడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. ముందుగా ఎడిషన్ ఇన్‌చార్జికి ఉత్తరం రాయాలి. ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పు, రికార్డులో ఏముంది అన్న నాలుగు విషయాలు ఒక పేజీ దాటకుండా అందులో ఉండాలి. సగం సందర్భాల్లో సవరణ ఇక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దానికి మందలించే అధికారమే తప్ప జరిమానా వేసే అధికారం లేదని కక్షిదారుకు ముందే చెప్పాలి. టీవీ చానళ్ల మీద ముందు చానల్‌కే, ఆ తర్వాత వారి స్వీయ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసే పద్ధతి 2021 నుంచి ఉంది. విచారణకే ముప్పు వచ్చినంత తీవ్రంగా ఉంటే సహారా తీర్పు ఆధారంగా హైకోర్టుకు వెళ్లాలి. చర్చా కార్యక్రమంలో కూర్చుని అరిచి సరిదిద్దిన తప్పు ఇంతవరకూ నేను చూడలేదు.

ఆ చర్చల గురించి ఒక్క మాట. మనది కాని కేసు మీద పిలిస్తే చట్టం ఏం చెబుతుందో వివరించడం మంచి పనే, జనానికి అది కావాలి. "ఈ కేసు కాగితాలు నేను చూడలేదు" అని మొదటే చెప్పి, వాస్తవాల జోలికి పోకుండా ఉండగలిగితేనే వెళ్లాలి. ఊరంతా అసహ్యించుకునే నిందితుడి తరఫున ఎవరూ వాదించవద్దని చర్చలో ఎవరైనా అంటే అక్కడ మాత్రం మెత్తబడకూడదు. అలాంటి తీర్మానాలు చేసే బార్ అసోసియేషన్ల తీరు రాజ్యాంగానికి, వృత్తి ధర్మానికి విరుద్ధమని 2010 డిసెంబర్‌లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పత్రికలను శత్రువులుగా చూడమని దీని అర్థం కాదు. బీఎండబ్ల్యూ కారు కేసులో ముద్దాయి తరఫు సీనియర్ న్యాయవాది సాక్షిని లోబరుచుకునే ప్రయత్నాన్ని బయటపెట్టింది ఒక టీవీ చానల్ రహస్య కెమెరాయే. కోర్టు ధిక్కారం కింద అతన్ని దోషిగా తేల్చడాన్ని 2009లో సుప్రీంకోర్టు సమర్థించింది, పడిన శిక్ష చాలదని కూడా అంది. మన వృత్తిలోని కుళ్లును మనకంటే ముందు వాళ్లు చూసిన సందర్భం అది.

తీర్పు రోజు

తీర్పు చదవకుండా దాని మీద మాట్లాడకూడదు. ఓడిన రోజు "తీర్పు కాపీ అందిన తర్వాత అప్పీలు గురించి నిర్ణయిస్తాం" అన్నది చాలు. న్యాయమూర్తికి ఉద్దేశాలు అంటగట్టకూడదు. తీర్పులోని తర్కంతో విభేదించే హక్కు ధిక్కార చట్టం 5వ సెక్షనులోనే ఉంది, కానీ దాన్ని మర్నాడు, చదివిన తర్వాత, చల్లబడిన గొంతుతో వాడుకోవచ్చు. గెలిచిన రోజు ఇంకా జాగ్రత్త అవసరం. అటు పక్క ఒక కుటుంబం ఏడుస్తూ అవే మెట్లు దిగుతుంటుంది.

కేసు కొట్టేసినప్పుడు వార్త రావాలా వద్దా అన్నది కూడా కక్షిదారునే అడగాలి. నా తప్పు వల్ల నెలలు పోగొట్టుకున్న ఆ కుర్రవాడిని, తీర్పు రోజు కోర్టు బయట చెట్టు కింద నిలబెట్టి, ఒకప్పుడు ఆ శీర్షిక రాసిన విలేకరి ఎదురుగానే అడిగాను. పేరు వద్దన్నాడు, ఫొటో వద్దన్నాడు, ఊరి పేరు కూడా వద్దన్నాడు. కాసేపు ఆలోచించి, "లిఫ్టు అడగలేదని మాత్రం రాయమనండి" అన్నాడు. మర్నాడు జిల్లా ఎడిషన్ అయిదో పేజీలో, ఆ వ్యానులో నిందితుడు ప్రయాణించినట్టు రుజువు కాలేదని కోర్టు పేర్కొందంటూ, పేరు లేకుండా నాలుగు లైన్లు వచ్చాయి. ఆ ముక్క కత్తిరించి అతనికి పోస్టులో పంపాను.